అకీకు కల్వంలో సుర్మా

మా ఆయన హుమాయూన్ భయస్తులు. పోయినవారి గురించి మొదటి మాటే ఇలా రాయకూడదేమో గాని, ఆయన్ని ఎరిగినవాళ్లెవరూ దీన్ని కాదనరు. పొద్దున భవానీపురంలో బస్సెక్కబోతూ గ్యాసు కట్టామో లేదోనని వెనక్కి వచ్చేవారు. నేను కట్టానని చెప్పినా లోపలికెళ్లి చేత్తో తిప్పి చూసుకునేవారు. మా పెద్దపాప అఫ్సా పోయాక ఆ భయం ఇంకా ముదిరింది. తొంభై ఆరులో పోయింది. ఏడాదిన్నర పిల్ల. నెల రోజులు కడుపు పట్టుకుని ఏడ్చి, పాలిపోయి, చివరికి ఫిట్స్ వచ్చి, గవర్నర్‌పేటలో ఆస్పత్రి మెట్లెక్కేలోపే నా చేతుల్లో చల్లబడింది. ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. రెండేళ్లకి ఇఫ్రా పుట్టింది. నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూడందే ఆయన డ్యూటీకి వెళ్లేవారు కాదు.

డ్యూటీ కొండపల్లి దాటాక ఒక సిమెంటు ఫ్యాక్టరీలో. లాబొరేటరీ అటెండరు. బట్టీలో కాలి బయటికొచ్చే నల్లటి గడ్డల్ని క్లింకరంటారు. దాన్ని కొట్టి, వేళ్ల మధ్య పౌడరులా జారేదాకా నూరి, మధ్యలో గుంట ఉన్న చిన్న బిళ్లలో నింపి, అద్దంతో నొక్కి చదును చేసి ఎక్స్‌రే మిషన్లో పెట్టాలి. ఆస్పత్రిలో ఎముకలు చూసేలాంటిది కాదు, కాయితం మీద గీతలు గీసేది. ఆ మిషను తలుపు మూశాక కూడా మూడుసార్లు నొక్కి చూస్తారని తోటి అటెండరు జక్కయ్య ఏడిపించేవాడు.

"ప్రతి గింజ లోపలా ఇటుకలు పేర్చినట్టు ఒక వరస ఉంటుందట సాలేహా," అని ఒకసారి నాకు చెప్పారు. "ఉప్పుది ఒక వరస, పంచదారది ఇంకో వరస. ఎక్స్‌రే ఆ వరసలకి తగిలి పక్కకి తిరుగుద్ది. తిరిగిన చోటల్లా కాయితం మీద కొండ లేస్తది. ఏ కొండ ఎక్కడ లేచిందో చూసి, పొడిలో ఏమేం ఉన్నాయో చెప్పేస్తారు వెంకటసుబ్బారావు గారు."

సుబ్బారావు గారంటే అక్కడి కెమిస్టు. సున్నం మిగతావాటితో కలవకుండా విడిగా మిగిలిపోతే దాని కొండ వేరే లేస్తుందట. అలాంటి సిమెంటుతో కట్టిన గోడ కొన్నాళ్లకి లోపల్నుంచి ఉబ్బి పగులుతుంది. అందుకని ఆ కాయితం బాగుందంటేనే లారీలు గేటు దాటేవి.

ఆ పనిలో ఆయనకి రెండు నియమాలుండేవి. పొట్లం మీద తేదీ ముందే రాసినా, నంబరు మాత్రం మిషన్లో పెట్టేటప్పుడే రాయాలి. నంబరు లేదంటే అది మిషను చూడని పొట్లమని లెక్క. రెండోది కల్వం గురించి. ఉంగరాల్లో పొదిగే అకీకు రాయి లేదూ, దానితో చేసిన నూరుడు కల్వం అది. గట్టిది, అరిగి పొడిలో కలవదు. దాన్ని కడిగి, స్పిరిటుతో తుడిచి, కొత్త పొడి చిటికెడు వేసి నూరి పారబోశాకే అసలు పొడి వెయ్యాలి.

మా ఇంట్లో పిల్లల కళ్లకి కాటుకలా సుర్మా పెట్టడం అత్తగారి పని. అఫ్సా ఉన్నప్పుడు బజారులో కొన్న సుర్మా పెట్టేది. ఇఫ్రాకని దర్గా ఉర్సులో సుర్మా రాయే కొనుక్కొచ్చింది. నల్లగా, పగలగొట్టిన చోట వెండిలా మెరిసే ముక్క. రోట్లో నూరితే గరుకుగా ఉండేది. పిల్ల కళ్లు నలుపుకుని, ఆ చేతులే నోట్లో పెట్టుకుని ఏడ్చేది. "మా పుట్టింట్లో అకీకు కల్వం ఉండేది. వెన్నలా నలిగేది," అని అత్తగారు రోజూ అనేది.

అప్పుడు నేనే అన్నాను. ఈ మాట నేనే అన్నానని రాయకపోతే ఇంకేం రాసినా అబద్ధమే.

"మీ లాబ్‌లో అకీకు కల్వం ఉందంటారుగా."

"అమ్మో! చూశారంటే ఉద్యోగం పోద్ది."

"చిటికెడు రాయేగా అండీ. పిల్ల కళ్లు చూడండి, ఎలా ఎర్రబడ్డాయో."

ఆయన పిల్ల కళ్లు చూశారు. మర్నాడు మధ్యాహ్నం అందరూ అన్నాలకి పోయినప్పుడు నూరి, కాయితంలో మడిచి తెచ్చారు. పట్టులా ఉంది. అత్తగారు కొడుకు తల మీద చెయ్యి పెట్టి దువా చేసింది. రోజూ రెండు పూటలా పెట్టింది. అయిపోతే ఇంకోసారి నూరి తెచ్చారు.

మూడో నెలకి ఇఫ్రా పాలిపోయింది. పాలు పట్టబోతే మొహం తిప్పుకునేది. కడుపు గట్టిపడి, కాళ్లు ముడుచుకుని ఏడ్చేది. ఆ ఏడుపు నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా తిరిగాం. డాక్టరు గ్యాసన్నారు, మందిచ్చారు. పిల్లకి దిష్టి తగిలిందని అత్తగారు సుర్మా ఇంకాస్త దట్టంగా దిద్దింది.

మూడోసారి నూరుతుండగా జక్కయ్య అన్నం మధ్యలో లేచి వచ్చాడు, చేతిలో క్లింకరు పొట్లంతో.

"సాయిబూ, అర్జెంటు! లారీలు లైన్లో ఉన్నాయి, సుబ్బారావు గారు ఊగిపోతున్నారు."

ఆయన గాభరాగా సుర్మా కాయితం జేబులో కుక్కుకుని, కల్వం నీళ్లతో కడిగి, గుడ్డతో ఒక్క తుడుపు తుడిచారు. చిటికెడు నూరి పారబోయడం మర్చిపోయారు. పదేళ్లలో మొదటిసారి.

తర్వాత జరిగింది ఆయనా చెప్పారు, జక్కయ్యా చెప్పాడు. కాయితం మీద ఎప్పుడూ లేనిచోట్ల మూడు కొండలు లేచాయి. సుబ్బారావు గారు లారీలు ఆపించారు. గనిలో రాయి మారిందేమో, బట్టీ ఆపాల్సి వస్తుందేమోనని ఫోన్ల మీద ఫోన్లు. ఏ పదార్థానికి ఏ కొండలో రాసి ఉండే కార్డులు వాళ్ల దగ్గరుంటాయి. ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి చూసుకుంటూ, చివరికి ఒక కార్డు దగ్గర ఆగారు.

"గెలీనా! సీసపు రాయి. మన క్లింకర్లోకి సీసం ఎలా వచ్చిందయ్యా?"

"సీసమొస్తే మంచిదేగా సార్. సిమెంటు మానేసి అదే అమ్ముకుందాం," అన్నాడు జక్కయ్య.

"నవ్వకు. సీసం కడుపులోకి పోతే ఏమవుద్దో తెలుసా? అందులోనూ చిన్నపిల్లలకి. రక్తం తగ్గిపోద్ది, కడుపు పట్టేసుద్ది, ఫిట్స్ వస్తాయి."

మా ఆయన గోడకి ఆనుకున్నారట. జేబులో కాయితం ఉంది. ఊరుకుంటే ఆ సాయంత్రానికి కల్వం శుభ్రమవుతుంది, రెండో పొట్లంలో కొండలు రావు, సంగతి అక్కడితో పోతుంది. గ్యాసు కట్టారో లేదోనని వెనక్కి వచ్చే ఆ మనిషి అప్పుడు నోరు తెరిచారు.

"సార్... కంట్లో పెడితేనో?"

"కంట్లో ఎవడు పెడతాడయ్యా సీసం?"

"నేనండి. నా కూతురికి." కాయితం తీసి బల్ల మీద పెట్టారు. "క్లింకర్లో ఏం లేదండి. కల్వంలో ఇది నూరాను. తప్పు నాది. ఏమైనా చెయ్యండి సార్, ముందు ఇది ఏమిటో చూడండి."

సుబ్బారావు గారు తిట్టలేదట. నంబరు వేసి, మా ఆయన చేతే బిళ్లలో నింపించి మిషన్లో పెట్టారు. కాయితం మీద సూది కదులుతున్నంతసేపూ మా ఆయన కళ్లు మూసుకునే ఉన్నారు. జక్కయ్య పక్కనుంచి, "ఒకటి లేచింది భాయ్... రెండోదీ..." అని చెప్పి, మూడోది చెప్పలేక ఆగిపోయాడు.

డ్యూటీ అవకముందే నాలుగున్నరకి ఇంటికొచ్చారు. చెప్పులు విప్పకుండా లోపలికొచ్చి పిల్లనెత్తుకుని, తడిగుడ్డతో కళ్లు, చేతులు తుడవడం మొదలుపెట్టారు. పిల్ల గుక్కపెట్టింది. అత్తగారు లేచింది.

"ఏం రా, పిచ్చిగానీ పట్టిందా? సుర్మా తుడుస్తావేంటి?"

"సీసం అమ్మీ అది. విషం."

"నీ మిషను విషం! నా తల్లి నాకు పెట్టింది, నేను నీకు పెట్టాను. చచ్చావా నువ్వు?"

"నేను చావలేదు అమ్మీ," అన్నారాయన. అంతే అన్నారు.

అత్తగారు సుర్మాదాని తెచ్చి ఆయన చేతిలో పెట్టి, వంటింట్లోకెళ్లి కూర్చుంది. ఆ రోజు నుంచి బతికున్నన్నాళ్లూ తన కళ్లకి కూడా సుర్మా పెట్టుకోలేదు.

ఇఫ్రా రక్తం తీసి హైదరాబాదు పంపారు. ఫలితం రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ నేను వండానో లేదో గుర్తులేదు. పిల్ల కాలు విదిలిస్తే ఫిట్సేమోనని ఇద్దరం ఒకేసారి లేచేవాళ్లం. ఆయన పిల్ల గోళ్లు కత్తిరించి, ఇల్లు రోజుకి రెండుసార్లు తడిగుడ్డతో తుడిచేవారు. పన్నెండో రోజు డాక్టరు కాయితం చూసి, "సీసం ఉందమ్మా, ఎక్కువే ఉంది. కానీ వేళకి ఆపారు," అన్నారు. మందులు రాశారు. వేళకి అన్న ఆ మాట విని ఆయన అక్కడే బల్ల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఎవరికోసం ఏడ్చారో నేను అడగలేదు.

ఉద్యోగం పోలేదు. మెమో ఇచ్చి, ఆరు నెలలు కల్వం ముట్టుకోనివ్వలేదు. గోడ మీద 'కల్వంలో క్లింకరు తప్ప ఏదీ నూరరాదు' అని బోర్డు పెట్టారు. దాని కింద జక్కయ్య సుద్దముక్కతో 'మసాలా కూడా' అని రాశాడట. పిల్ల రంజాన్ నాటికి గోడ పట్టుకుని నడిచింది. ఆ ఏడాది మా వీధిలోవాళ్లు కొందరు వాళ్ల సుర్మాలు పొట్లాలు కట్టి ఆయనకిచ్చారు. సుబ్బారావు గారు చూసీ చూడనట్టు ఊరుకుంటే, ఆయన వాటిని మిషన్లో పెట్టి, కొండలు లేచినవాళ్ల ఇళ్లకి వెళ్లి చెప్పొచ్చేవారు. ఒకరిద్దరు తిట్టి పంపారు కూడా.

ఈ చలికాలంలో గుండె ఆగి పోయారు. ఇఫ్రాకి ఇప్పుడు పదేళ్లు.

ఆయన పోయిన నలభయ్యో రోజున జక్కయ్య లాబ్‌లో ఆయన అలమారా ఖాళీ చేసి సామాను తెచ్చాడు. ఒక తువ్వాలు, కళ్లజోడు, టిఫిను డబ్బా. అడుగున ఒక పొట్లం. విప్పితే అఫ్సా టోపీ. అంచున నల్లటి సుర్మా మరక ఇంకా ఉంది. దాన్ని ఎప్పుడు పట్టుకెళ్లారో నాకు తెలియదు. పొట్లం మీద ఆయన రాతలో తేదీ ఉంది, తొంభై తొమ్మిది. నంబరు లేదు.

జక్కయ్య కూడా అది చూశాడు.

"మిషను ఉంది వదినా. కావాలంటే నేను పెట్టిస్తాను. ఒక్క గంట పని."

బయట ఇఫ్రా తాడాట ఆడుతోంది, లెక్క పైకి వినిపిస్తోంది. నేను టోపీ మడతపెట్టి, ఆ కాయితంలోనే మళ్లీ చుట్టాను.

"ఆయనే పెట్టలేకపోయారుగా జక్కయ్యా. ఉండనీ."