అమ్మవారి కుండలో నేను కలిపిన పొడి

ఏళ్లుగా గొంతులో అడ్డంపడ్డ మాట ఇది. మింగలేను, కక్కలేను. నా పేరు అడగొద్దు. మీరు నాకు ఏమీ కారు కాబట్టే మీతో చెప్పుకుంటున్నాను. మా ఊళ్లో ఒక్కరితోనైనా చెప్పగలిగి ఉంటే ఈపాటికి ఎప్పుడో చెప్పేసేవాణ్ణి.

మాది కడప పక్కన చిన్న ఊరు. తాతల నాటి నుంచి ఈతచెట్లు గీసి, కల్లు దించి బతికిన ఇల్లు. గంగమ్మ జాతర రోజు దించిన తొలి కుండ అమ్మవారిది. గీసేవాడు తలస్నానం చేసి, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా చెట్టెక్కాలి. ఆ కల్లు అమ్మవారి ముందు నేలమీద ధారగా వదిలి సాక పోస్తాం. తర్వాత గణాచారి ఒక దోసిలి తాగుతుంది. అప్పుడు అమ్మవారు ఆమె మీదికి వచ్చి, వానల సంగతీ ఊరి మంచిచెడ్డలూ చెబుతుంది. మిగిలింది పెద్దమనుషులు తలా కాస్త పుచ్చుకుంటారు.

ఆ గణాచారి ఓబులమ్మత్త. మా వెనకింటావిడ. మొగుడు పోయాక ఆమెకు మిగిలిన గౌరవమంతా ఆ జాతరతో వచ్చిందే. ఆ రోజు తప్ప ఏడాదంతా కల్లు వాసన కూడా చూసేది కాదు.

వానలు లేక చెట్లు ఎండాయి. అమ్ముకునే కల్లులో నీళ్లు పోసి, మత్తు కోసం కడప నుంచి తెచ్చిన పొడి కలపడం మొదలుపెట్టాను. అందరూ కలుపుతున్నారులే అనుకున్నాను. ఊరి నాలుకలు ఆ పొడికి అలవాటు పడ్డాయి. అమ్మవారి కుండ జోలికి మాత్రం నేను పోలేదు. ఒక జాతరలో ఆ కల్తీలేని కల్లు తాగి పెద్దమనుషులు నవ్వారు. “ఏమప్పా, అమ్మోరికి నీళ్లు పోస్తాండావా?” నాకు ఒళ్లు మండింది. నన్ను చేతగానివాడనుకుంటారా? మరుసటి జాతరకు ఆ కుండలోనూ పొడి వేశాను, కాస్త ఎక్కువే. భక్తి లేక కాదు, పౌరుషం కొద్దీ. ఛీ, దాన్ని పౌరుషమని ఏ నోటితో అంటున్నాను?

అత్త తాగింది. డప్పులు మోగుతున్నాయి. ఊరంతా చేతులు జోడించి ఆమె నోటి మాట కోసం నిలబడింది. ఆమె తూలింది, నాలుక మడతపడింది, అమ్మవారి ముందే కూలబడి గుర్రు పెట్టింది. పెద్దమనుషులకు అలవాటైన మత్తే కాబట్టి వాళ్లకేమీ కాలేదు. అమ్మ ఈమెను విడిచిపెట్టిందన్నారు. నేను కుండ పట్టుకుని అక్కడే ఉన్నాను. నోరు తెరిచానా? లేదు.

మరుసటి ఏడు వేరొకామెను గణాచారిని చేశారు. బిడ్డలకు జ్వరమొస్తే అత్త చేత విభూతి పెట్టించే తల్లులు ఆ గడప తొక్కడం మానేశారు. వాన పడకపోతే ఆమెనే తిట్టారు. ఏం పాపం చేశానో అని కుమిలిపోతూ, మంగళవారాలు ఉపవాసాలుండి ఆమె ఎముకల గూడైపోయింది. నేను చెట్టెక్కడం మానేశాను. మానేస్తే ఏం? ఆమెకు ఏం తిరిగొచ్చింది?

మొన్న ఆమె మంచాన పడింది. వెళ్లి కాళ్ల దగ్గర కూర్చున్నాను.

“అత్తా, ఆ పొద్దు అమ్మోరి కల్లులో మత్తు పొడి కలిపినా. నువ్వు పడిపోయింది దానివల్లనే. అమ్మ నిన్ను ఇడిసిపెట్టలే.”

ఆమె చెయ్యి చాచి నా తల నిమిరింది.

“నువ్వు శానా మంచోనివి నాయనా. పోయేదాన్ని ఓదార్చనీకి తప్పు నీమీద ఏసుకుంటాండావు. అమ్మోరి కుండలో యాడన్నా ఎవురన్నా పొడి కలుపుతారా?”

ఒట్టు పెట్టాను. ఏడ్చాను. నేను ఏడ్చేకొద్దీ ఆమె నన్నే సముదాయించింది. తప్పు తనదేలే అంటూ అటు తిరిగి పడుకుంది. ఆ నమ్మకంతోనే పోయింది.

మీరైనా నమ్మండి. కలిపింది నేనే.