నిండకూడని కట్ట

1998 సెప్టెంబరు 24, గురువారం. కట్ట లోపలి వాలున పాతిన టేకు కర్ర మీద నీళ్లు ఏడో గీతను తాకాయి. గీతకూ గీతకూ మధ్య ఒక అడుగు ఎడం. తొమ్మిదో గీతకు సరిసమానంగా కట్ట తల ఉంటుంది. అప్పటిదాకా ఎంత వాన కురిసినా నీరు నాలుగో గీత దాటడం తాను చూడలేదని ఆ కట్ట సొంతదారు పోశం చెబుతాడు.

మరాఠీ సీమలోని రాజురా తాలూకాలో లక్కడ్‌కోట్‌కు ఆవలి ఒక తెలుగు ఊరికి ఎగువన, ఒర్రె అనే చిన్న వాగుకు అడ్డంగా పోసిన మట్టికట్ట అది. దాన్ని చెరువు అనకూడదు. అడుగున రాతితో కట్టిన తూముకు తలుపు లేదు, ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వరద మీదపడితే కట్ట ఆపుతుంది. ఆ నీటిని తూము సన్నగా, రెండు మూడు రోజుల్లో కిందికి వదిలేస్తుంది. తరువాత వరదకు చోటుండాలంటే కట్ట వెనుక ఖాళీగా ఉండాలి. కట్ట ఉన్న చేను పోశం సొంత పట్టా. సర్కారు లెక్కల్లో అది ఆనకట్ట కాదు, ఒక రైతు గట్టు మాత్రమే.

పోశానికి పన్నెండేళ్లున్నప్పుడు ఒర్రె పొంగి దిగువ వాడను తుడిచిపెట్టింది. అతన్ని ఎత్తుకుని పెంచిన మేనత్త ఆ వరదలోనే పోయింది. సర్కారు మనుషులు వచ్చి కొలిచారు, సున్నం పూసిన రాళ్లు పాతారు, మళ్లీ కనిపించలేదు. చివరికి తండ్రి భీమయ్య తన చేను మధ్యలోనే వరుసగా మూడు ఎండాకాలాలు మట్టి పోయించాడు. కొలిచి వెళ్లేవాళ్లను నమ్మకూడదని పోశం అప్పుడే నేర్చుకున్నాడు. పెద్దయ్యేకొద్దీ ఆ పాఠాన్ని మిగతా మనుషులందరికీ వర్తింపజేశాడు. అరువు ఇచ్చిన బండి తిరిగి వస్తే ఇరుసు తడిమి చూస్తాడు. విత్తనాల సంచిని విప్పి చేయి అడుగుదాకా దూరుస్తాడు. ఒక అయ్యగారు పెట్టిన ముహూర్తాన్ని ఇంకో అయ్యగారిని అడిగి సరిచూసుకుంటాడు. ఈ అనుమానానికి అందని మనిషి అతని భార్య రాజమ్మ ఒక్కతే. నేను కారణం అడిగితే, "ఇంటిదాన్ని గూడ అనుమానిస్తె బువ్వ గొంతుల దిగుతదా, బిడ్డా?" అన్నాడు.

తొంభైల్లో ఆ ప్రాంతంలో సిమెంటు కంపెనీలు సున్నపురాయి కోసం భూములు వెతకసాగాయి. అదే ఊరి బాలకిషన్ రాజురాలో గది తీసుకుని, మోటర్‌సైకిల్ కొని, భూముల దలాలుగా మారాడు. పోశం చేను కోసం మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ పోశం అతనికి చాయ్ పోయించి, కట్ట ఉన్నంతవరకు చేను అమ్మేది లేదని పంపేశాడు. 'కట్ట ఉన్నంతవరకు' అన్న ముక్క పోశం నోటి నుంచే వచ్చింది. బాలకిషన్ దాన్ని మరచిపోలేదని పోశం నమ్మకం. 98 వేసవిలో గని రోడ్డు పడింది. ఆ రోడ్డు కోసం ఊరి దిగువన ఒర్రెలో ఉన్న మడుగును రాళ్లతో పూడ్చారు.

సెప్టెంబరు మూడో వారంలో పోశం కాగజ్‌నగర్ దగ్గరున్న చెల్లెలింటికి వెళ్లాడు. బుధవారం వాన పట్టుకుంది. మర్నాడు మొదటి బస్సుకే తిరిగి వచ్చి, ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా కట్ట మీదికి ఎక్కాడు. ఆ తరువాత జరిగినదాన్ని పోశం నుంచి, రాజమ్మ నుంచి, బాలకిషన్ నుంచి విడివిడిగా విన్నాను. ముగ్గురి మాటా కలిసినంతవరకే ఇక్కడ రాస్తున్నాను.

లోపల ఏడు అడుగుల నీళ్లు. బయట తూము నోటి నుంచి చుక్క రావడం లేదు. కట్ట బయటి వాలు ఒకచోట చెమ్మగిల్లి మెత్తబడింది. నీటి మీద తంగేడు, గునుగు పువ్వులు గుంపుగా తేలుతున్నాయి.

"కొమ్మలు గిట్ల అడ్డం పడ్డయేమో కాకా," అన్నాడు పక్క చేను లస్మయ్య.

"కొమ్మలైతె సన్నగనన్న కారుతది. గిది ఎవడో కావాలని కుక్కిండు."

"పువ్వులు చూడు, ఎన్ని ఉన్నయో."

"నీళ్లు నిలిచినయి గద, ఆడోళ్లు బతుకమ్మల్ని ఈడ్నే వేసిండ్రు. పువ్వుల ముచ్చట నాకెందుకు? బాలకిషన్ గిటు వచ్చిండా, గది చెప్పు."

లస్మయ్య కాస్త ఆలోచించాడు. "అమాస నాడు పొద్దుగాల ఆయన మోటర్‌సైకిల్ గీ తొవ్వల పోంగ చూసిన."

పోశానికి అంతకు మించి సాక్ష్యం అక్కరలేకపోయింది.

బాలకిషన్ చాయ్ హోటల్ ముందు బెంచీ మీద కూర్చుని సాసర్‌లో చాయ్ పోసుకుంటున్నాడు. పోశం వెళ్లి అంగీ పట్టుకున్నాడు. చాయ్ ఒలికింది.

"కట్ట తెగితె భూమి అగ్గువకు కొందమనుకున్నవా, దలాల్?"

"ఏంది కాకా, బస్సుల పండుకొని కల గన్నవా? నీ తూము ముచ్చట నాకేం ఎరుక?"

"నేను తూము అననే లేదు. నీకెట్ల ఎరుక?"

"పొద్దటి సంది ఊరంత అదే అంటున్నది!"

"అమాస నాడు నా కట్ట కాడ ఏం పని నీకు?"

"తొవ్వెంట పోయిన. తొవ్వ మీ అయ్యదా?"

"ఔ, మా అయ్యదే. పట్టా చూపియ్యాల్నా?"

బెంచీల మీదివాళ్లు పకపకా నవ్వారు. ఆ నవ్వు బాలకిషన్‌కు అంగీ పట్టుకోవడం కన్నా ఎక్కువ తగిలింది. "ఇంతమంది ముంగట ఇజ్జత్ తీసినవు కాకా. యాదుంచుకో," అన్నాడు.

వాన మళ్లీ మొదలైంది. దిగువ వాడ జనం పిల్లలనూ బియ్యాన్నీ బడికి చేరవేస్తుంటే, మగవాళ్లు వెదురు గడలతో కట్ట దగ్గరికి వచ్చారు. బయటి నుంచి తూములోకి గడ పోటు వేస్తే గడే విరిగింది. నీరు ఎనిమిదో గీతకు దగ్గరవుతోంది. పోశం ధోవతి పైకి కట్టి, లోపలి వైపు నుంచి తానే మునిగి తీస్తానన్నాడు. అడ్డు ఊడిన క్షణాన నీళ్లు మనిషిని కూడా తూములోకి లాక్కుపోతాయని అక్కడున్న అందరికీ తెలుసు. అయినా ఇంకో దారి ఎవరికీ తోచలేదు.

అప్పుడు రాజమ్మ ముందుకు వచ్చింది. "దిగకు. దానికి తాడున్నది."

"ఏం తాడు?"

"బస్తకు కట్టిన తాడు. కొస గా మోదుగ మొద్దుకు కట్టి పెట్టిన. నీళ్లు మీదికొచ్చినయి, కానొస్తలేదు."

"ఎవరు కట్టిండ్రే?"

"నేనే."

రాజమ్మ అతని ముఖంలోకి చూడకుండా మిగతాది చెప్పింది. "మడుగు పూడ్సిరి. బతుకమ్మను రాళ్ల మీద పారేయాల్నా? సద్దుల దాక, పండుగ ఒడిసేదాక ఉంచి, తీసేద్దమనుకున్నం. నువ్వు రాంగనే చెప్దమనుకున్న. నువ్వేమో ఇంటికే రాకపోతివి."

వెనుక నుంచి పక్కింటి గంగవ్వ అందుకుంది. "ఒక్క రాజమ్మనే అనకు బావా. బస్తల గడ్డి కుక్కింది నేను. మా వాడ ఆడోళ్లమంత ఉన్నం. కొడ్తె అందర్ని కొట్టు, గని ముందుగాల తాడు గుంజు!"

పోశం నీళ్లలోకి దిగాడు. రాజమ్మ చూపించిన చోట గొంతు లోతు నీళ్లలో కాళ్లతో వెతికి మొద్దును పట్టుకున్నాడు, తాడు కొస విప్పి ఒడ్డుకు విసిరాడు, తానూ ఒడ్డెక్కాడు. అందరూ కలిసి లాగారు. బస్తా ఊడి వచ్చింది. కట్ట అడుగున పెద్ద చప్పుడుతో నీళ్లు అవతలికి దూకాయి. చెమ్మగిల్లిన చోట బయటి వాలు కొంత జారింది, కానీ కట్ట నిలిచింది. మర్నాటి సాయంత్రానికి నీరు అయిదో గీతకు దిగింది.

నీళ్లు నిలిచాయి కాబట్టి పువ్వులు వచ్చాయని పోశం అనుకున్నాడు. నిజానికి పువ్వుల కోసమే నీళ్లు నిలిచాయి. కళ్లెదుట తేలుతున్న ఆధారాన్ని అతను చూసి కూడా పక్కన పెట్టాడు. అనుమానించడానికి ఒక మనిషి ముందే సిద్ధంగా ఉండటం వల్ల అలా జరిగిందని నా అభిప్రాయం. ఆడవాళ్లు ఎందుకు చెప్పలేదని రాజమ్మను అడిగాను. "ఆయన బాలకిషన్ అంగి పట్టిండని తెలిసినంక నాకు ఎటూ తోచలే. చెప్తె ఆయన ఇజ్జత్ పోతది, చెప్పకపోతె వాడ పోతది. గడ విరిగేదాక గదే సోచాయించుకుంట నిలబడ్డ," అంది.

తరువాతి రోజుల్లో ఆ ఇంట్లో మాటలు లేవు. పోశం భద్రావతి దాకా వెళ్లి ఇనుప జాలీ చేయించి తెచ్చి తూము నోటికి బిగించాడు. అయితే సద్దుల రోజు ఆడవాళ్లను వార్ధా నది ఒడ్డుకు తీసుకెళ్లేందుకు ట్రాక్టరు మాట్లాడింది కూడా అతనే.

మరుసటి గురువారం దసరా. బాలకిషన్ అప్పటికే సర్పంచ్ దగ్గర ఫిర్యాదు పెట్టాడు: పోశం హోటల్ ముందు అందరూ చూస్తుండగా తనకు దండం పెట్టాలి. పండుగ పూట అంత దూరం వద్దని సర్పంచ్ సర్దిచెప్పి, జమ్మి ఆకు చేతిలో పెట్టి, గుండెలకు హత్తుకుని అలాయి బలాయి తీసుకుంటే చాలని తేల్చాడు. "తప్పు మనది. పోయి పెట్టి రా," అంది రాజమ్మ. వారం తరువాత ఆమె భర్తతో అన్న మొదటి మాట అదే. పోశం గుప్పెడు జమ్మితో సర్పంచ్ అరుగు ఎక్కాడు.

బాలకిషన్ కొత్త అంగీలో వచ్చాడు. జమ్మి అందుకునే ముందు తన నిర్దోషిత్వం అందరికీ రుజువు కావాలనుకున్నాడు. "నా మీద ఎవరికీ షక్ ఉండొద్దు. అమాస పొద్దుగాల ఆడోళ్లు తూముల బస్త కుక్కుడు నా కండ్లతోని చూసిన. రాజమ్మ చిన్నమ్మ గూడ ఉండె. గసొంటిది, కాక నన్ను దొంగను జేసిండు."

"చూసినవా?" అన్నాడు పోశం.

"చూసిన."

"బుధవారం వాన పడ్డప్పుడు ఊర్లనే ఉన్నవా?"

"ఉన్న."

"దిగువ వాడల ఎవరికన్న చెప్పినవా?"

బాలకిషన్ సర్పంచ్ వైపు చూశాడు. "ఆడోళ్ల పండుగ. నడుమ నేనెందుకు పోవాలె? కట్ట ఆయనది. చూసుకునుడు ఆయన పని."

పోశం ముందు సర్పంచ్ చేతిలో జమ్మి పెట్టి అలాయి బలాయి తీసుకున్నాడు. తరువాత లస్మయ్యకు, వరుసగా అరుగు మీద కూర్చున్న ప్రతి ఒక్కరికీ పెట్టాడు. బాలకిషన్ చేయి చాపాడు. పోశం మిగిలిన ఆకులను అంగీ జేబులో వేసుకుని అరుగు దిగాడు. అతన్ని వెనక్కి పిలవమని సర్పంచ్‌ను ఎవరూ అడగలేదు.