తొమ్మిది వాచీల పెట్టె

బుక్కరాయసముద్రంలో నా వడ్రంగి షెడ్డు పక్కనే వాచీలు బాగుచేసే పెద్దాయన బంకు ఉండేది. చూపు తగ్గి బంకు మూసేసే ముందు, ఆయన తొమ్మిది వాచీలు తెచ్చి నా ముందు పెట్టాడు. బాగుచేయమని ఇచ్చినవాళ్లు తిరిగి రాలేదట. వాటికి టేకు పెట్టె కావాలన్నాడు.

"అందరి చేతుల్లో ఫోన్లుండాయి. ఇంగివి ఎవురికన్నా?" అన్నాను.

"పారేస్తే ఎట్లప్పా? ఒకరి చేతికున్నివి గదా."

రోజూ షెడ్డుకొచ్చి ఒక్కో వాచీకి కీ ఇచ్చి, చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. అప్పుడు ఎవరు పిలిచినా పలికేవాడు కాదు.

పెట్టెలో మెత్తటి గుడ్డ అతికిస్తున్న రోజు, గార్లదిన్నె నుంచి ఒకామె నలిగిన పాత రసీదు చీటీ పట్టుకుని వచ్చింది. ఇన్నేళ్లూ బెంగళూరులో కూలి పనుల్లో ఉందట.

"మా నాయన వాచీ అన్నా. ఉండాదా?"

చీటీలో ఉన్న పేరు నేను చదవగానే, ఆయన తడుముకోకుండా ఆ వాచీనే తీసి చెవికి ఆనించుకున్నాడు. దాని చప్పుడు నాకూ వినబడుతోంది.

"ఇంగా బాగు కాలేదమ్మా. వారం ఆగి రా," అన్నాడు.

ఆమె వెళ్లాక అడిగాను. "ఆడతాండాది గదన్నా, అట్లెందుకు చెప్పినావు?"

ఆయన నాకంటే ఎక్కువ తికమకపడ్డాడు. "ఏమోప్పా. ఇచ్చేద్దామనే తీసినా. నోటికట్లొచ్చె."

వారానికి ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి వాచీ చేతిలో పెట్టి, బస్సు దాకా తోడు వెళ్లాడు. తిరిగొచ్చి పెట్టెలో మిగిలిన ఎనిమిదింటినీ ఒక్కొక్కటిగా తడిమాడు.

"ఒకరొచ్చిరి గదా," అన్నాడు చివరికి. "మిగతావోళ్లు గూడా వస్తారంటావా?"

ఆ గొంతులో ఉన్నది ఆశో భయమో నాకు తెలియలేదు. పెట్టెకు మూత బిగించసాగాను.