గాజులకు రుమాలు చుట్టిన మేడమ్

శుభ్రం అంటే ఏమిటో మీకు తెలుసా? పక్కవాణ్ని కాదు, మిమ్మల్నే అడుగుతున్నాను. వాకిలి ఊడ్చి, చేతులు దులుపుకుని, ఇక అయిపోయిందని చాయ్ తాగడానికి కూర్చునే మిమ్మల్ని. గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి, తెలుసా?

నాకు తెలుసనే అనుకున్నాను. మా బస్తీ వెనక కుంటను ఇన్నేళ్లూ కాచిన మేడమ్ పోయినప్పటి నుంచి ఆ ప్రశ్న నన్ను ఒక చోట కూర్చోనివ్వడం లేదు.

సోమవారం పొద్దున నా మోటార్ వైండింగ్ షాపు షట్టర్ ఎత్తుతున్నాను. మేడమ్ కింది ఇంట్లో ఉండే లక్ష్మమ్మ చెప్పులు లేకుండా ఉరికొచ్చి నా ముందు నిలబడింది.

"అన్నా, మేడమ్ పానం పోయింది."

"ఏ మేడమ్?"

"మన మేడమే అన్నా! చాయ్ పెట్టుకొని కిటికీకాడ కుర్సీల కూసుందట. చాయ్ గట్లనే ఉంది, ఆమె గట్లనే ఉంది."

"నిన్న సాయంత్రం నన్ను తిట్టింది గదా," అన్నాను. "నిన్న తిట్టిన మనిషి ఇయ్యాల ఎట్ల పోతది?"

గుండె ఆగిందన్నారు. చావు దొంగలా వస్తుంది, మెలకువగా ఉండండి అని బల్ల గుద్ది ఎన్ని ప్రార్థన కూడికల్లో చెప్పాను! ఆ గుద్దిన చెయ్యే ఆ పొద్దున షట్టరుకు తాళం వేయలేకపోయింది. లక్ష్మమ్మే వేసింది.

ఆమె ఎవరో తెలియని వాళ్లకు చెబుతాను. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. లాడ్ బజార్‌లో తరతరాలుగా గాజుల దుకాణం నడుపుతున్న కుటుంబం వాళ్లది. పెళ్లి చేసుకోలేదు. తమ్ముళ్లు తమ ఇంట్లో ఉండమంటే ఉండకుండా, ఫలక్‌నుమా రైలు పట్టాలకు ఇవతల మా బస్తీలో ఒక మేడ మీద గది తీసుకున్నారు. మేమంతా కుంట వైపు కిటికీలు కంపు భయంతో మూసుకుని బతికేవాళ్లం. ఆమె ఆ కిటికీ కోసమే ఆ గది తీసుకున్నారు.

మా పరిచయం కొట్లాటతో మొదలైంది. ఒక ఆదివారం సాయంత్రం కుంట కట్ట మీద కూడిక పెట్టి, పెద్ద స్పీకర్లు బిగించి, పశ్చాత్తాపం గురించి గొంతు చించుకుంటున్నాను. మెడలో బైనాక్యులర్ వేసుకుని ఒక ఆవిడ జనం మధ్య నుంచి నేరుగా నా ముందుకు వచ్చింది.

"ఏం ప్రసంగం భాయ్, మీ దేవునికి చెవుడా?"

జనం నవ్వారు. నేనూ తగ్గలేదు. "దేవునికి కాదు మేడమ్, పాపులకు చెవుడు."

"పాపులు ఈ దిక్కు కూసున్నరు. స్పీకరు ఆ దిక్కు పెట్టినవ్. అగో, ఆ జమ్ముల నీటికోడి గుడ్ల మీద కూసుంది. అదేం పాపం చేసింది?"

కుంట అంచున మనిషెత్తు పెరిగి, గోధుమరంగు కంకులు వేసే ఆ పొడవాటి గడ్డినే జమ్ము అంటాం. అందులో పిట్టలు ఉంటాయని నేను అంతవరకూ పట్టించుకోలేదు. ప్రతిదానికీ నా దగ్గర ఒక బైబిల్ వాక్యం ఉంటుంది. ఆ పూట మనసులో ఎంత తిరగేసినా దొరికింది ఒక్కటే: గూటిలో గుడ్ల మీద కూర్చున్న తల్లిని పట్టుకోవద్దు, పోనివ్వు అనే ఆజ్ఞ. అది నా పక్షాన లేదు. అయినా దాచుకోలేక పైకే చెప్పేశాను.

ఆమె కళ్లు పెద్దవి చేశారు. "మస్తుంది! ఇది ఎవరు చెప్పిండ్రు?"

"మోషే, మేడమ్."

"మంచి ఫారెస్టాఫీసర్ అయ్యెటోడు," అని, తనే వెళ్లి స్పీకరు వైరు పీకేశారు.

ఆ రోజు నుంచి నేను "ప్రసంగం భాయ్" అయిపోయాను. నేను పాస్టర్‌ని కాదు, ఏ సెమినరీలో చదవలేదు, గ్రంథం ఒక్కటే చదువుకుని నేర్చుకున్నవాణ్ని అని చెబితే, "నేను గూడ కుంటను చదువుకునే నేర్చుకున్న, పుస్తకాలు తర్వాత," అన్నారు. ఆమెకు దేవుడి మీద నమ్మకం లేదు. నా వాక్యాల మీద మాత్రం ఎందుకో నమ్మకం ఉండేది.

ఆమె అలవాటు ఒకటి బస్తీ అంతటికీ తెలుసు. గాజుల ఇంటి ఆడబిడ్డ కదా, చేతి నిండా గాజులు లేకుండా ఆమెను నేను చూడలేదు. కానీ కట్ట దిగి జమ్ము దగ్గరికి వెళ్లేముందు ఆ గాజులన్నీ మోచేతి దాకా తోసి, వాటి చుట్టూ రుమాలు బిగించి కట్టేవారు. గలగలమంటే గూటి మీది పిట్ట లేచిపోతుందని. గుడిసెల పిల్లలు నవ్వేవాళ్లు. "నవ్వుండ్రి, సప్పుడు చెయ్యకుండ నవ్వుండ్రి," అనేవారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బోనాలకు ముందు కుంటను సాఫ్ చేయడం మా బస్తీ ఆనవాయితీ. హిందువులు, మేము, అందరం కలిసి దిగేవాళ్లం. నీళ్ల మీద పచ్చగా ఏది కనబడితే అది పీకి కట్ట మీద పడేసి, అద్దంలా మెరిసే నీళ్లు చూసి మురిసిపోయేవాళ్లం. ప్లాస్టిక్కూ చెత్తే, గుర్రపుడెక్కా చెత్తే, జమ్మూ చెత్తే. ఆ అద్దం కొన్నాళ్లకే నల్లబడేది. కంపు, దోమలు, ఇంటింటా జ్వరాలు. బోరింగు నీళ్లు కూడా వాసన వచ్చేవి. మురికి పెరిగిందని మేము మరుసటి ఏడు ఇంకా కసిగా పీకేవాళ్లం!

మేడమ్ మమ్మల్ని ఆపలేదు. రెండు ప్లాస్టిక్ టబ్బులు తెచ్చి లక్ష్మమ్మ గడప పక్కన పెట్టించారు. రెండింట్లోనూ కుంట బురద, మోరీలో పారే మురికి నీళ్లు. ఒకదాంట్లో మాత్రం వేళ్లతో సహా జమ్ము నాటారు. కొన్ని వారాలు పోయాక అందరినీ పిలిచారు.

"లక్ష్మమ్మా, వాసన చూడు."

"ఛీ, నేనెందుకు మేడమ్?"

"ముక్కు నీది పెద్దగుంది గనక. సూడు."

లక్ష్మమ్మ తిట్టుకుంటూనే వంగింది. ఉత్త టబ్బు దగ్గర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి ఉరికింది. జమ్ము టబ్బు దగ్గర ఆగి, మళ్లీ వంగి, "దీంట్ల ఏం కలిపినవ్ మేడమ్?" అంది.

"ఏం కలపలే. ఏం తియ్యలే."

అప్పుడు విడమరిచి చెప్పారు. జమ్ము పైనుంచి గాలిని తన వేళ్ల దాకా దింపుతుంది. ఆ వేళ్లను అంటుకుని కంటికి కనబడని జీవులు బతుకుతాయి, అవి మురికిని తింటాయి. తూనీగ పిల్లలు నీళ్లలో ఆ మొదళ్లను పట్టుకునే పెరిగి దోమ పిల్లలను తింటాయి. మనం ఏటా పీకి పారేస్తున్నది కుంటను కడిగే చేతులనే. అలాగని పూర్తిగా వదిలేసినా తప్పే. ఎండిన జమ్ము నీళ్లలో కుళ్లితే, అది పీల్చిన మురికంతా మళ్లీ కుంటకే చేరుతుంది. అందుకని గూళ్ల కాలం పోయాక, చలి వెళ్లేటప్పుడు, నీటికి జానెడు పైన కోయాలి, కోసింది బయటికి మోసుకుపోవాలి, ఏటా కొంత భాగమే కోయాలి. బోనాల ముందు తీయాల్సింది ప్లాస్టిక్కూ, ఊరికే నీళ్లను కప్పేసే గుర్రపుడెక్కా మాత్రమే.

కోసిన జమ్ము కొంత బర్రెల కొట్టాల్లో పరిచేవాళ్లం. ఎండినదాంట్లో మేలైనది ఆమె తమ్ముళ్ల దుకాణానికి వెళ్లేది, దూరపు ఊళ్లకు పంపే గాజుల పెట్టెల్లో అడుగున పరచడానికి. "మన మోరీ మీద కూసొని గాజులు బొంబాయి పోతున్నయ్," అని నవ్వేవారు.

మొదటి ఏడు ఆమే గీత గీసి, నడిమధ్య జమ్ము కోయించారు. ఆ వానాకాలం నీటికోళ్లు గూడు పెట్టలేదు. మేమెవరం గమనించలేదు కూడా. ఆమే కట్ట మీదికి అందరినీ పిలిచి, "నేను గీసిన గీత తప్పు. నడుమ ఖాళీ చేస్తే వాటికి దాసుకునే జాగ లేదు. ఈసారి మారుద్దాం. చేసి చూడాలె, చూసి మార్చుకోవాలె," అన్నారు. నేను వాక్యం చెప్పడం మొదలుపెట్టిన నాటి నుంచి ఎన్నో వేదికలు ఎక్కాను. నాది తప్పు అని ఇంత తేలిగ్గా చెప్పిన మనిషిని ఏ వేదిక మీదా చూడలేదు.

ఆ రోజే నాకు ఒక వాక్యం తట్టింది. కోత కోసేటప్పుడు పొలం అంచుల దాకా కోయవద్దు, అక్కడ పండింది బీదవాడికీ పరదేశికీ వదిలేయమన్న ఆజ్ఞ. చెప్పాను. ఆమె కుంట వంక చూసి, "గా పరదేశి నీటికోడి అనుకో," అన్నారు. అప్పటి నుంచి అంచుల జమ్ము ఎవరూ ముట్టలేదు. ఎక్కడిదాకా కోయాలో తెలిసేలా ఆమె వెదురు కర్రలు పాతి, వాటికి తన పాత చీరల పేలికలు కట్టారు. దేవుడి ఆజ్ఞకూ ఆమె శాస్త్రానికీ అక్కడే, ఆ బురదలో, పెళ్లి జరిగింది. సాక్షిని నేను.

ఆమెను దేవతను చేయడం లేదు. కోపిష్టి. ఎవరైనా ఆలస్యంగా వస్తే బస్తీ వినేలా తిట్టేవారు. ఆదివారం సాయంత్రం నన్ను తిట్టింది కూడా అందుకే. మోరీ కుంటలో కలిసే చోట గుర్రపుడెక్క తీద్దాం రమ్మంటే, కూడిక ఉందన్నాను.

"పరలోకం ఎటూ పోదు ప్రసంగం భాయ్. ఈ గుర్రపుడెక్క మాత్రం పొద్దటికి ఇంతయితది. రేపు రాకుంటె సూడు!"

రేపు వచ్చింది. ఆమె లేరు.

ఇంత చెప్పాక, ఆ చావుకన్నా పెద్ద దెబ్బ ఇప్పుడు చెబుతాను. శ్మశానం నుంచి వచ్చి అందరం కట్ట మీద కూర్చున్నాం. మా యూత్ సంఘం పెద్ద శ్రీను, ఆటో నడుపుతాడు, మేడమ్ అంటే ప్రాణం పెట్టేవాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. లేచి నిలబడి చెప్పాడు.

"మేడమ్ యాదికి మనం ఏమన్న చెయ్యాలె. పదో దినం నాడు మిషన్ పెట్టిద్దాం. ఈ గడ్డి మొత్తం వేళ్లతోని లేపి, కుంటను అద్దం లెక్క చేద్దాం. కట్ట మీద ఆమె ఫోటో పెడదాం."

అందరూ చప్పట్లు కొట్టారు. లక్ష్మమ్మ కూడా కొట్టింది! నేను లేచి వాడికి ఎదురుగా నిలబడ్డాను.

"శ్రీనూ, ఏం మాట్లాడుతున్నవ్ రా! ఆ గడ్డి కోసమే గదా ఆమె బతికింది?"

"గడ్డి కోసం కాదన్నా, కుంట కోసం. ఆమె ఉన్నన్ని దినాలు వద్దన్నది, ఇన్నం. ఒక్క మాట ఎదురు చెప్పినమా? ఇప్పుడు ఆమె పేరు మీద మంచిగ సాఫ్ చేస్తమంటే నువ్వు అడ్డమొస్తవేంది?"

"ఇప్పుడు గూళ్ల మీద పిల్లలున్నయ్ రా."

"రెండు పిట్టల కోసం మేడమ్ ఇజ్జత్ తగ్గిద్దామా అన్నా?"

వాడి మీద కోపం రాలేదు. వాడి కళ్లలో ఉన్నది నిజమైన ప్రేమ. అదే నన్ను భయపెట్టింది. ఇన్నేళ్లూ మేము ఆమెకు భయపడి చెయ్యి ఆపాం, ఆమె చూపించినదాన్ని మా కళ్లతో చూడలేదు. టబ్బు వాసన చూసిన ముక్కు కూడా మరిచిపోయింది. సింహాసనం మీద మంచి రాజు ఉన్నంతకాలం బుద్ధిగా ఉండి, ఆయన పోగానే పాత దారి పట్టిన జనం కథలు గ్రంథంలో ఎన్ని చదివాను! అది ఎక్కడో, ఎవరో అనుకున్నాను.

శ్రీనుతో ఆ సాయంత్రమంతా మాట్లాడాను. తిట్టాడు, ఏడ్చాడు, చివరికి అన్నాడు: "నువ్వొక్కనివి చెప్తే మిషన్ ఆపను. మాట ఇచ్చిన. బస్తీ అంతా కట్ట మీదికొచ్చి వద్దంటే ఆపుతా. మిషన్ పెట్టే ముందు నాడు సాయంత్రం ఆడనే ఉంట."

ఆ ముందు నాడు ఇవాళే. ఈ కాగితం మీ చేతికి అందిన ఇవాళే.

పొద్దున కుంట దగ్గరికి వెళ్లొచ్చాను. ఆమె పాతిన కర్రలు నీళ్లలో అలాగే ఉన్నాయి. ఒకటి పక్కకు ఒరిగింది. ఎర్ర చీర పేలిక గాలికి లేస్తోంది, పడుతోంది. దాని వెనక జమ్ములోంచి నీటికోడి బయటికి వచ్చింది. వెనకే నల్లని పిల్లలు, బొగ్గు ముక్కలకు కాళ్లు వచ్చినట్టు. నన్ను చూసి ఆగాయి. నేను ఊపిరి బిగబట్టాను. పేలిక కిందుగా దాటి, ఆమె గీసిన గీతకు అవతలికి, కోయకూడని అంచులోకి వెళ్లిపోయాయి.

ఏదెను తోటలో దేవుడు మనిషిని పెట్టింది దాన్ని సాగు చేయడానికే కాదు, కాయడానికి కూడా. ఇన్నాళ్లూ కాచిన మనిషి లేదు. ఇక మీరే!

ఫోటోకు దండ తర్వాత వేద్దాం. ఇవాళ సాయంత్రం కట్ట మీదికి రండి. పని వదిలి రండి, వంట దించి రండి, మీ పక్కింటి తలుపు కొట్టి వాళ్లనూ లేపుకుని రండి. శ్రీను ఎదుట నిలబడి వద్దని చెప్పండి. పొద్దు గూకితే మిషన్ ఆగదు. నేను మైకు తీసుకురావడం లేదు. అక్కచెల్లెళ్లారా, మీరు గాజులకు రుమాలు చుట్టుకుని రండి. ఇవాళే రండి.