‘మెంట్’తో ముగిసే మాటల పందెం

ఈ రోజు మదనపల్లె నుంచి ఊళ్ళకు వస్తూ, బస్సులో నేనూ, కుప్పం నుంచి వచ్చిన నా రూమ్మేట్ గీతా ‘మెంట్’తో ముగిసే ఇంగ్లీషు మాటల పందెం వేసుకున్నాం. బెంగళూరులో ఉద్యోగాలు వచ్చిన సంగతి ఇద్దరం ఇంట్లో చెప్పలేదు. ఓడినవాళ్ళు ముందు చెప్పాలి. పేమెంట్, ట్రీట్‌మెంట్, డిపార్ట్‌మెంట్ దాకా వచ్చి నేను ఆగిపోయాను. కాళ్ళు ఊపుకుంటూ ఎంత ఆలోచించినా ఇంకొకటి తట్టలేదు.

పుంగనూరులో దిగి ఇంటికొచ్చేసరికి నాయన టమోటాలు ఏరి క్రేట్లకెత్తుతున్నాడు. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. ఇంకా దూరం పోతానంటే ఏమంటాడోనని భయంగా ఉన్నా, నాకూ గీతకూ ఉద్యోగాలు వచ్చిన సంగతి నీళ్ళు కూడా తాగకుండా చెప్పేశాను.

“ఇన్ని దినాలు యాల చెప్పలేదమ్మా?”

“నువ్వు వద్దంటావని భయం నాయనా.”

ఆయన కాసేపు టమోటాలు ఏరి, “ఆ కుప్పం పాప ఇంట్లో చెప్పిందా? లేకుంటే వాళ్ళ నాయనకు నేను ఫోన్ చేస్తా” అన్నాడు.

పందెం గెలిచిన గీత ఇంకా భయపడుతూనే ఉంది. ఓడిన నేను బెంగళూరుకు బట్టలు సర్దుకుంటున్నాను. గెలిచిందెవరో మీరే చెప్పండి.