ట్రయలుకు వెళ్ళిన కారు

కారు కొనేవాళ్ళు ముందు ఒకసారి నడిపి చూసుకోవాలి. అది న్యాయమే, కాదనను. కుండ కొన్నా వేలితో కొట్టి చూసే కొంటాం. కానీ ఒకరి కారు తీసుకుని రోడ్డెక్కినవాడు ఆ ఇంటివాళ్ళ పొద్దు కూడా పట్టుకుపోతున్నాడని ఎవరికీ తట్టదు. మా ఇంట్లోనూ తట్టలేదు. దానివల్ల పోయింది మాత్రం నాకే.

అవి యుద్ధం రోజులు. మాది చీపురుపల్లి. మా మామగారికి ఒక పాత కారు ఉండేది. స్టేషనులో దిగినవాళ్ళను బాడుగకు రాజాం దాకా దింపి ఇల్లు నడిపేవారు. పెట్రోలుకు రేషను కూపన్లు వచ్చాక బాడుగలు సాగక కారు పాకలోనే పడి ఉండేది. ఇక అమ్మేద్దామనుకున్నారు. నా భర్త మిలటరీ లారీలు తోలుతూ అస్సాం వైపు ఉన్నారు. నాకు తొలిచూలు, నెలలు నిండాయి. తల్లి లేనిదాన్ని కాబట్టి పురుడు అత్తవారింట్లోనే. నొప్పులు తేడాగా వస్తే విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్ళాలని మామగారు కూపన్లు మిగిల్చి ఒక డబ్బా పెట్రోలు దాచి, కారు వెనకాలే పెట్టి ఉంచారు. ఆ డబ్బా కంటపడితే చాలు, నాకు గుండె నిబ్బరంగా ఉండేది.

ఒక ఉదయం రైలు దిగి కోటబొమ్మాళి నుంచి ఒక బియ్యం షావుకారు వచ్చారు. వెంట భార్య, అక్కగారు, ఇద్దరు బావమరుదులు, డ్రైవరు. మంచివాళ్ళు. ఎత్తిపొడుపుగా అనడం లేదు. చెడ్డవాళ్ళయితే తిట్టుకోడానికైనా ఉండేది నాకు.

మా అత్త గుమ్మం వెనక నుంచి మామగారితో మెల్లగా అంది, "పిల్లకి నెల్లు నిండినాయి. పురుడెల్లినాక సూపించొచ్చు కదా?"

"సూడ్డానికే కదే. గంటలో వచ్చేత్తారు," అన్నారు మామగారు.

"మీరూ రండి పెద్దాయనా, అలా ఓపాలి రోడ్డెక్కించి తెచ్చేత్తాం," అన్నారు షావుకారు. అప్పటికే సీట్లన్నీ నిండిపోయాయి.

"నానెందుకు బాబూ, ఇరుకైపోతాది. మీరే నడిపి సూసుకోండి." పక్కన కూర్చుంటే అనుమానపడినట్టుంటుందని ఆయన బాధ. పెట్రోలు సంగతి మాత్రం చెప్పారు. "ఎనకాల డబ్బా ఉన్నాది. కోడలి పురిటికని ఉంచినాం."

"దాని జోలికెల్లం. మా కూపన్లు మాకున్నాయి," అన్నారు షావుకారు. ఎప్పటికి తిరిగి రావాలో ఈయన చెప్పలేదు, ఆయన అడగలేదు. తలుపు వేస్తూ మామగారు అందరూ అనే మాటే అన్నారు. "నిదానంగా రండి బాబూ."

కారు వెళ్ళిన కాసేపటికే నాకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని వచ్చి చూసి ముఖం చిన్నబుచ్చుకుంది. "బిడ్డ కాళ్ళతో వస్తన్నాది. నా సేతిలో నేదమ్మా, ఆసుపత్రికెల్లిపోండి." పొరుగువాళ్ళు ఎడ్లబండి కడతామన్నారు. స్టేషనుకు వెళ్తే మధ్యాహ్నం రైలు అందుతుంది. మామగారే వద్దన్నారు. "ఆ కుదుపులకి పిల్ల సచ్చిపోద్ది. కారొచ్చేత్తాది, కాసేపాగండి."

ఆగాం. రైలు కూత మంచం మీద నుంచి విన్నాను. మామగారు రోడ్డు మీదే నిలబడ్డారు. దుమ్ము లేచినప్పుడల్లా "అదిగో, వచ్చేత్తన్నాది" అని లోపలికి కేకవేసేవారు. ఒకసారి అది లారీ, ఒకసారి మేకల మంద. ఆ కేక వినగానే నాకు ప్రాణం లేచి వచ్చేది. మధ్యాహ్నం దాటాక కేకలు ఆగిపోయాయి. నొప్పుల కన్నా ఆ కేక వినపడకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

పొద్దు వాలుతుండగా ఎడ్లబండి కట్టారు. స్టేషను ఇంకా కనపడకముందే, బండిలోనే, మంత్రసాని చేతుల్లోకి బిడ్డ వచ్చింది. ఆడపిల్ల. ఏడవలేదు. ఒళ్ళంతా రుద్దారు, నీళ్ళు చిలకరించారు. ఏడవలేదు. అత్త తన చీర కొంగు చింపి చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. నాకు చూపించమంటే ముఖం తిప్పుకుంది. బండిని మళ్ళీ ఇంటివైపు తిప్పారు. ఎడ్లకేం తెలుసు, ఇంటికనేసరికి హుషారుగా నడిచాయి.

మర్నాడు పొద్దున్నే వీధిలో హారను మోగింది. షావుకారు గొంతు సంతోషంగా ఉంది. "భోగాపురం ఎల్లినాం పెద్దాయనా, మా అత్తారికి సూపించడానికి. పెద్దోళ్ళకి నచ్చాల కదా. అన్నం తినందే కదలనివ్వనేదు. పొద్దోయింది, పడుకుని ఎల్లమన్నారు. తమరు కూడా నిదానంగా రమ్మన్నారు కదాని ఉండిపోనాం."

ఎవరో సంగతి చెప్పినట్టున్నారు. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. కాసేపటికి అరుగు మీద రేకు డబ్బా పెట్టిన చప్పుడు. "మీ పెట్రోలు ముట్టుకోనేదు. మూతైనా తియ్యనేదు," అన్నారాయన. తనవల్ల పొరపాటు లేదని చెప్పుకోడానికి పాపం ఆయన దగ్గర ఉన్నది అదొక్కటే.

గోడకివతల మంచం మీద నేను చెవులు రిక్కించి పడుకున్నాను. ఇప్పుడైనా మామగారు అరుస్తారని, షావుకారు చొక్కా పట్టుకుంటారని. ఆయన గొంతు వినిపించింది.

"కారు బాగా నడిసిందా బాబూ?"

షావుకారు మీద రాని కోపం నాకు ఆ ప్రశ్న మీద వచ్చింది. నా బిడ్డను పూడ్చి వచ్చిన మట్టి ఇంకా ఆయన గోళ్ళలో ఉంది.

మైల తీరాక షావుకారే వచ్చి కారు కొనుక్కున్నారు. తీసుకుపోయే రోజు కిటికీ లోంచి చూశాను. మామగారు కారు చుట్టూ తిరిగి, అద్దం పైపంచెతో తుడిచి, తలుపు వేశారు. వేసి, "నిదానంగా ఎల్లండి బాబూ," అన్నారు. అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని రోడ్డు పక్కన కూలబడ్డారు. అత్త వెళ్ళి లేవదీసింది. నేను వెళ్ళలేదు.

ఇన్నేళ్ళయినా నా గుమ్మం దిగేవాళ్ళతో ఆ మాట అనను. తొందరగా వచ్చెయ్యండి అంటాను. మర్యాద తెలియని మనిషంటారు. అననీ. వాళ్ళు వెళ్ళాక దారిలో దుమ్ము లేస్తే, ఇప్పటికీ ఆ కారే వస్తోందనుకుని లేచి నిలబడతాను.