ఖరగ్‌పూర్‌లో చెవిటివాళ్లు లేరట

చెవిటి మిషను ఈ దేశంలో అందరికంటే ముందు కనిపెట్టింది నేనూ, మా ప్రొఫెసరు గారూ. ఈ మాట మా ఊరి మలంచా పేటలో టీ కొట్టు దగ్గర చాలా ఏళ్లు చెప్పినాను. నమ్మినవాళ్లు నా టీ కూడా వాళ్లే ఇప్పించేవారు. ఇప్పుడు వయసైపోయింది, కొంచెం తగ్గించి చెప్తాను. అందరికంటే ముందు కాదు. ఇద్దరం కూడా కాదు. ఆయన కనిపెట్టినారు, నేను బల్ల తుడిచినాను. సోల్డరింగు చేసేటప్పుడు తీగ కదలకుండా పట్టుకున్నమాట మాత్రం నిజం. వేలు కాలిన మచ్చ ఉండేది, అది కూడా ఈమధ్య నాకు సాక్ష్యం చెప్పడం మానేసింది.

ఊరవతల పెద్ద కాలేజీలో నేను లేబ్ అటెండర్ని, అదీ టెంపరరీ. మా ప్రొఫెసరు గారు బెంగాలీ పెద్దమనిషి. మనిషి చెవి మీద పన్నెండు పేపర్లు రాసినారు. వాటిని చదివేవాళ్లు కూడా అలాంటివి రాసుకునేవాళ్లే. ఆయన చేసిన మిషను సిగరెట్ పెట్టె అంత ఉండేది. డబ్బా చొక్కా జేబులోకి, తీగ చెవిలోకి. లేబ్‌లో బ్రహ్మాండంగా పనిచేసేది. లేబ్‌లో చెవిటివాడు ఒక్కడూ లేకపోవడం దాని విజయానికి ముఖ్య కారణం.

ఒకసారి కలకత్తా నుంచి కంపెనీ పెద్దమనిషి ఒకాయన వచ్చినాడు, మే నెలలో, టై కట్టుకుని. డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, "బాగానే ఉంది. మేం తయారు చేస్తాం. కానీ మార్కెట్ ఎక్కడ?" అన్నాడు. ప్రొఫెసరు గారు బీరువా వైపు చూసినారు, అందులో ఎక్కడైనా పెట్టి మరిచిపోయినానేమో అన్నట్టు.

నేను ఊరుకోవచ్చు కదా. "సార్, మా బాయిలర్ షాపు లేదా! ఎంతమంది కావాలి? వందా, రెండొందలా?" అన్నాను.

"తీసుకురా. నీ పోస్టు పర్మనెంటు చేయించే పూచీ నాది" అన్నారు ప్రొఫెసరు గారు.

నేను చెప్పింది అబద్ధం కాదు. రైల్వే వర్క్‌షాపులో స్టీము ఇంజన్ల బాయిలర్లకి రివెట్లు కొట్టే చోటది. ఒకడు బాయిలర్ కడుపులోకి దూరి రివెట్‌ని ఆనించి పట్టుకుంటాడు, ఇంకొకడు బయటినుంచి గాలి సుత్తితో కొడతాడు. పదేళ్లు చేసినవాడికి చెవులు ముఖానికి అందం కోసమే. అక్కడ పని సైగలతోనే, తిట్లు కూడా సైగలతోనే. మా అక్క మొగుడు అందులో ఇరవై ఏళ్లకి పైబడి ఉన్నాడు. రిటైరవడానికి ఇంకా మూడేళ్లు.

అయితే కాగితం మీద మాత్రం బాయిలర్ షాపులో చెవిటివాడు ఒక్కడూ లేడు. రైల్వే మెడికల్ పరీక్షలో డాక్టరు మనిషిని గోడ వైపు తిప్పి, వెనక నిలబడి గుసగుసగా అంకెలు చెప్తాడు. తిరిగి చెప్పలేనివాడు అన్‌ఫిట్. షాపు నుంచి తీసేసి, తక్కువ జీతానికి ఏదో గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెడతారు. కానీ ఆ డాక్టరు పుణ్యాత్ముడు. ఎప్పుడూ హిందీలో అవే మూడంకెలు, అదే వరసలో: బయాలీస్, సతావన్, తేరా. అంటే నలభై రెండు, యాభై ఏడు, పదమూడు. షాపు మొత్తానికి అవి కంఠస్థం.

బావ ఎదురుగా, పెదాలు కనబడేలా నిలబడి అడిగినాను. "బావా, ఆదివారం నా కోసం ఒక్క గంట కూకో. నా ఉద్యోగం పర్మనెంటు అయిపోతాది."

"నాకేటి సెవుడా? నీకే ఉన్నాది సెవుడు. పోయినేడే మెడికల్ పాసయినాను."

"సెవుడని ఎవుడన్నాడు? ఊరికే కూకుంటే సాలు."

అక్క కలగజేసుకుంది. "కూకో, నీ సొమ్మేటి పోయింది? ఆ డబ్బాతో ఏటైనా ఇనబడితే నాకీ గొంతు సించుకునే పని తప్పుతాది."

ఆదివారం తాల్‌బగీచాలో అక్కావాళ్ల వాకిట్లో ప్రొఫెసరు గారికీ, కంపెనీ ఆయనకీ కుర్చీలు వేసినాను. షాపంతా తిరిగి పిలిచినాను, ఒక్కడూ రాలేదు. "మిగతావాళ్లు దార్లో ఉన్నారు సార్" అన్నాను.

డబ్బా పెట్టకముందు ఎంత వినబడుతుందో చూడాలని బావని గోడ వైపు తిప్పి కూర్చోబెట్టినారు. అక్కడ వచ్చింది తంటా. గోడకి ఎదురుగా కూర్చోబెట్టి, వెనక ఒక చదువుకున్నవాడు నిలబడితే, మా షాపు మనిషికి ఇంక అది మెడికలే.

"మీ పేరేమిటి?" అని కంపెనీ ఆయన మెల్లగా హిందీలో అడిగినాడు.

బావ ఒక్క క్షణం ఆగి, ఠీవిగా, "బయాలీస్" అన్నాడు.

"పిల్లలెంతమంది?"

"సతావన్."

"ఈ ఊళ్లో ఎన్నాళ్లనుంచి ఉంటున్నారు?"

"తేరా" అని, పాసయిపోయినట్టు లేచి నిలబడినాడు.

కంపెనీ ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇంతకంటే మంచి కస్టమరు దొరకడు!"

అప్పుడు ప్రొఫెసరు గారు బావ జేబులో డబ్బా పెట్టి, చెవిలో తీగ దూర్చి, బటను తిప్పినారు. బావ ఉలిక్కిపడి వంటింటి వైపు చూసినాడు. "ఏటే, మన స్టవ్వు ఇంత గోల సేస్తాదా?" అక్క నవ్వింది. ఆ నవ్వు కూడా విన్నట్టున్నాడు. మెడ అటే తిప్పి ఉండిపోయినాడు.

కంపెనీ ఆయన నోటు పుస్తకం తీసి బావ పేరు రాసుకున్నాడు. షాపులో హాజరు వేసే టికెట్ నంబరు కూడా చెప్పమన్నాడు. గంజి వార్చడానికి అన్నం గిన్నె దించుకుని వాకిట్లోకి వస్తున్న అక్క ఆగింది. "దాదా, ఆ పుస్తకం ఎక్కడికెల్తాది?" అని తన వంటింటి బెంగాలీలో అడిగింది.

"రైల్వే డాక్టరుకి, దీదీ" అన్నాడాయన, శుభవార్త చెప్తున్నట్టు. "ఒక్కొక్కరికీ అమ్ముకుంటే మేం బతకలేం. చెవిటివాళ్ల పేర్లన్నీ పంపితే రైల్వేయే ఒకేసారి ఆర్డరు ఇస్తుంది."

మార్కెట్ అంటే అవసరం ఉన్నవాడనుకున్నాను. కాదట, సంతకం పెట్టేవాడట. పేరు కాగితం మీదకి ఎక్కితే ఆ పుణ్యాత్ముడైనా అన్‌ఫిట్ రాయక తప్పదు. రైల్వే డాక్టరన్న మాట బావకి కూడా వినబడింది, చెవిలో తీగ ఉంది కదా. ఇరవై ఏళ్లలో ఎవరి పెదాలూ చూడకుండా ఆయన పూర్తిగా విన్న మొదటి మాట అదే. తీగ పీకి బల్ల మీద పడేసినాడు.

ఇక్కడ నేను పుస్తకం లాక్కుని, ఆ కాగితం నమిలి మింగేసినానని టీ కొట్టులో చెప్పేవాణ్ణి. మింగలేదు. అక్కే "సూడనీ దాదా" అని పుస్తకం తీసుకుని, గంజి దాని మీద వార్చింది. "అయ్యో, సెయ్యి జారింది" అంది, తీరిగ్గా, రెండోసారి కూడా జార్చి. ఆ యుద్ధంలో నేను పట్టుకున్నది బిస్కట్ల ప్లేటు.

ఇంకొకటి ఎవరికీ చెప్పలేదు. కంపెనీ ఆయన నావైపు తిరిగి, "ఆయన టికెట్ నంబరు నీకు తెలుసు కదా?" అన్నాడు. తెలుసు. నా పర్మనెంటు ఉద్యోగం ఎదురుగా కూర్చుని చెమట తుడుచుకుంటున్నట్టే ఉంది. నోరు తెరిచినాను, మొదటి అంకె నాలుక దాకా వచ్చింది. అక్క చేతిలో గంజి ఇంకా సగం గిన్నె ఉంది. "తెలీదు సార్" అన్నాను. నా న్యాయబుద్ధి బరువు సరిగ్గా అంతే, అర గిన్నె గంజి.

ఖరగ్‌పూర్‌లో చెవిటివాళ్లు లేరని, మార్కెట్ లేదని కంపెనీ ఉత్తరం రాసింది. ప్రొఫెసరు గారు పదమూడో పేపరు రాసుకున్నారు. నేను టెంపరరీగానే ఉండిపోయినాను. బావ మూడేళ్లూ రివెట్లు కొట్టి, ఫిట్‌గానే రిటైరయి, మెడలో దండతో ఇంటికి వచ్చినాడు.

మర్నాడే సైకిలు తొక్కుకుంటూ లేబ్‌కి వచ్చినాడు. వచ్చి చెయ్యి చాపినాడు.

"ఇప్పుడు తియ్యరా ఆ డబ్బా. నన్నిప్పుడెవుడు అన్‌ఫిట్ సేస్తాడో సూస్తాను."

డబ్బా ఏదీ? స్టూడెంట్లు అందులో సామాను పీక్కుని క్రికెట్ కామెంట్రీ కోసం రేడియో చేసుకున్నారు. బీరువా తాళం తీసి ఇచ్చింది నేనే.

"కంపెనీ సెయ్యలేదు బావా" అని గొణిగినాను, తల వంచుకుని. "మార్కెట్ లేదంట."

"ఏటి?"

"మార్కెట్ లేదంట!" ఈసారి లేబ్ అంతా తలెత్తి చూసింది.

"లేదేటి?" అన్నాడు బావ, చాపిన చెయ్యి అలాగే ఉంచి. "నానొచ్చినాను కదరా."